పనస మాను కోసం ఒక బావ, ఒక బామ్మర్ది

నలభై ఏళ్లుగా వీణలు చేస్తున్న మా బావ ఇంట్లో సొంతానికి ఒక్క వీణ లేదు. ఈ సంగతి నాకు అరవై మూడేళ్ల వయసులో, బొబ్బిలిలో వాళ్ల నడవలో కూచుని టీ తాగుతుంటే తెలిసింది. గోడకి ఆనించి రెండు వీణలున్నాయి. ఒకటి తీగలు మార్పించుకోడానికి వచ్చింది, రెండోది మర్నాడు పార్సిలై పోవడానికి సిద్ధంగా ఉంది.

"మరి అక్కదేదీ?" అన్నాను, మాటవరసకి.

"మీ అక్కదేటి? నాను సేసినవన్నీ ముందు మీ అక్కే వాయిస్తాది కదా," అన్నాడు బావ.

"అవును," అంది అక్క వంటింట్లోంచి. "రైలు మారడానికి దిగిన చుట్టాల్లాగ ఒక పూట కూచుంటాయి, వెళ్లిపోతాయి."

నవ్వుతూనే అంది. కానీ బావ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

మా నాన్న సంగీతం మేష్టారు. అక్కకి వీణ వచ్చింది, నాకు ఎక్కాలు వచ్చాయి. శ్రుతి లేనివాడికి కనీసం మతైనా ఉంటుందని ఆశపడి నన్ను లెక్కల మేష్టార్ని చేశారు. శ్రీకాకుళంలో ముప్ఫై మూడేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను గాని, మా అక్క చేతిలోంచి ఎన్ని వీణలు వెళ్లిపోయాయో ఒక్కనాడూ లెక్క వేయలేదు. దిమ్మెరపోయి బావ ముఖంలోకి చూశాను. బావ తన కుడి బొటనవేలి వైపు చూసుకుంటున్నాడు.

ఆ వేలికి ఏడాది నుంచి తిమ్మిరట. ఉలి పట్టుకుంటే పట్టు తెలియడం లేదట. "ఇంకొక్కటి సెయ్యగలను రా. ఆ ఒక్కటీ మీ అక్కకి సెయ్యాల. మాను దొరకతన్నాది కాదు," అన్నాడు.

చదివేవాళ్లకి ఒక మాట చెప్పాలి. బొబ్బిలి వీణకి అతుకు పనికిరాదు. గుండ్రటి బుర్ర, పొడుగాటి దండి, కొసన వంగే మెడ, అన్నీ ఒకే పనస మానులోంచి రావాలి. ముప్ఫై ఏళ్లు దాటిన మాను కావాలి. నాలుగున్నర అడుగుల పొడవున కణుపు ఉండకూడదు, లోపల డొల్ల ఉండకూడదు. చెక్కాక ఆరడానికి నెలలు పడుతుంది. అంటే వానలు ముదరకముందే దొరకాలి. అప్పటికే జూన్ మొదటి వారం.

"నా కారుంది," అన్నాను. అది కారేనని నాకొక్కడికే నమ్మకం.

అక్క మర్నాడు పొద్దున్నే టిఫిన్ కేరేజీ కట్టిచ్చింది. విప్పి చూస్తే పనసపొట్టు కూర. చెట్టు దొరక్కముందే కాయ దొరికిందని బావ సంతోషించాడు.

సాలూరు

మా వైపు చాలా నోళ్లలో ‘చ’ వచ్చి ‘స’ అవుతుంది. ఆ లెక్కన సాలూరంటే ‘చాలు ఊరు’ కావాలి. పేరు ఎవరు పెట్టారో గాని, లారీల విషయంలో మాత్రం ఆ ఊరికి ‘సాలు’ అనే మాట తెలీదు. రోడ్డుకి అటు లారీలు, ఇటు లారీలు. అస్థిపంజరం ఒకచోట, క్యాబిన్ ఒకచోట, ఆ రెండూ ఎప్పుడు కలుస్తాయా అని చూస్తూ టీ తాగుతున్న డ్రైవర్లు ఒకచోట. ఒక లారీ వెనక తలుపు మీద పెయింటరు నెమలికి తోక వేస్తున్నాడు. ఆ ఒక్క తోకకి ఎంత తీసుకుంటావని అడిగాను. చెప్పాడు. నేను రిటైరైన ఉద్యోగం కాక ఇంకేదైనా చేసుంటే బాగుండేదనిపించింది.

అక్కడ లారీ బాడీలు కట్టే షెడ్డు మేస్త్రీ ఒకాయన బావకి వారం కిందట ఫోన్ చేశాడు. తొమ్మిదడుగుల పనస దుంగ దొరికింది, నీ కోసం ఉంచానని. మేం వెళ్లేసరికి దుంగని బద్దతో కొలిచినట్టు కోయించి, తుడిపించి, నీడలో పెట్టించాడు.

బావ ఒక ముక్కని జానతో కొలిచాడు, మళ్లీ కొలిచాడు.

"నాలుగడుగులన్నావు కదా," అన్నాడు మేస్త్రీ గర్వంగా. "రెండు ముక్కలు. ఒక్కోటి నాలుగే. నూలు పోగంత తేడా నేదు, కొలుసుకో."

"నాలుగు అంటే... నాలుగు సిల్లర రా," అన్నాడు బావ నీరసంగా.

"సిల్లరేటి? మా పనిలో సిల్లరుండదు. మిగిలిన అడుగు ముక్క అదిగో, దాని మీదే మా పెయింటరు కూకున్నాడు."

నెమలి పెయింటరు మర్యాదగా లేచి నిలబడ్డాడు.

మేస్త్రీ మంచివాడు. బావ ముఖం చూసి పాపం తనే ఒక ఉపాయం చెప్పాడు. "పోనీ ఒక పని సేద్దాం. రెండు ముక్కలూ కలిపి ఇనప పట్టీ ఏసి, నాలుగు బోల్టులు బిగించీసి ఇస్తాను. పది టన్నులు లోడేసినా కదల్దు నీ వీణ."

వీణ మీద పది టన్నుల లోడు ఎవరు వేస్తారో అడగాలనిపించింది. బావ నా మోచెయ్యి గిల్లాడు. మేస్త్రీ మాకు బిరియానీ తినిపించి, డబ్బు ఇవ్వబోతే తిట్టి, పర్సు మళ్లీ జేబులో పెట్టించాడు. నేను రెండు ముక్కల బిరియానీ ఎక్కువే తిన్నాను. దుఃఖం బావది గాని, ఆకలి నాది.

పార్వతీపురం

నేను బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ దారంతా రెండు జిల్లాలు. ఇప్పుడు మధ్యలోంచి ఇంకో జిల్లా పుట్టింది. బోర్డులు కొత్తవి, గోతులు పాతవే. సాలూరులో అందరూ ఎక్కడికో వెళ్లడానికి సిద్ధంగా ఉంటే, పార్వతీపురంలో అందరూ అప్పుడే ఎక్కడినుంచో వచ్చినట్టుంటారు. కలెక్టరాఫీసుకి కాగితాలు పట్టుకొచ్చిన కొండవాళ్లు, చీరల షాపుల ముందు గొడుగు కింద నిలబడ్డ ఆడవాళ్లు, ఐసు ముక్క వేసిన చెరకురసం గ్లాసు ఇరవై.

ఎండకి తాళలేక ఒక బహుమతుల దుకాణంలోకి దూరాం. ఏసీ ఉంది కదాని. అద్దాల అరలో జానెడు వీణలు వరసగా ఉన్నాయి. వాటి కింద ‘బొబ్బిలి వీణ’ అని బంగారు రంగు కాగితం. బావ ఒకటి తీసి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏ కర్రమ్మా ఇది?"

"పనసేనండీ. ఒకే ముక్క," అంది కౌంటరు దగ్గరున్న అమ్మాయి.

బావ అడుగున గోటితో గీరాడు. పొర లేచింది. ప్లైవుడ్డు.

"అలా గీరకూడదండీ," అంది ఆ అమ్మాయి ఓపిగ్గా. "వీణ గురించి మీకు తెలీదు. అది నాజూకైన వస్తువు."

బావ తప్పయిపోయిందని చెప్పి ఆ బొమ్మ కొనేశాడు. నాలుగొందల ఎనభై. బయటికొచ్చాక, "ఎందుకు బావా?" అన్నాను.

"గీత పడిపోనాది కదరా. మరెవులు కొంటారు?" అన్నాడు.

మా బావ సంగతి ఇది. ఎదుటివాడికి నష్టం వస్తుందేమోనని తోస్తే చాలు, తన నష్టం ఆయనకి కనపడదు. ఈ గుణం ముందు ముందు మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తుందో అప్పటికి నాకు తెలీదు.

గుమ్మలక్ష్మీపురం

పార్వతీపురం దాటి కురుపాం మీదుగా వెళ్తుంటే కొండలు రోడ్డు దగ్గరకొచ్చి తొంగిచూస్తాయి. గుమ్మలక్ష్మీపురం చిన్న ఊరు. ఒక పొడుగాటి వీధి, ఆ వీధిలో సమస్తం. మందుల షాపులో చెప్పులు కూడా దొరికాయి. నా చెప్పు తెగిన చోట అదే దొరకడం భాగ్యం. రెండూ ఒకే కాలివి అంటగట్టారని రెండు కిలోమీటర్లు పోయాక తెలిసింది.

ఆ ఊరికి కాస్త అవతల ఒక రైతు పెరట్లో పనస చెట్టు అమ్మకానికుందని బావకి ఎవరో చెప్పారు. వెళ్లేసరికి ఇంటావిడ వాకిట్లో చింతపండు పిక్క తీస్తోంది. మేం వచ్చిన పని చెప్పాం.

"అయ్యో, నిన్న రాకపోనారా బాబూ?" అంది. "నిన్న పొద్దుట ఏనుగులొచ్చి పడగొట్టీసినాయి."

ఆవిడ ఈ మాట, మేకలొచ్చి బీరపాదు తినేశాయి అన్నట్టు అంది. నేను వెనక్కి తిరిగి కారెక్కడుందో చూసుకున్నాను.

"ఏనుగులా?"

"మరేటి? పనసపండు వోసనొస్తే ఆగుతాయేటి అవి? రండి, సూడండి."

పెరట్లో మాను నిలువునా చీలి పడుంది. కొబ్బరికాయ చిప్పలయినట్టు కాదు, చేత్తో చెరుకుగడ విరిచినట్టు పీచులు పీచులుగా. నేలలో ఏనుగు కాలి గుంట. అందులో నా రెండు పాదాలూ, ఆ రెండు ఎడమ చెప్పులతో సహా, హాయిగా పట్టాయి. ఆ పక్కనే కోడిపిల్లలు మేస్తున్నాయి.

"ఇప్పుడెక్కడున్నాయమ్మా?" అన్నాను. గొంతు శ్రుతి తప్పింది. దానికెప్పుడూ లేదనుకోండి.

"అదిగో, ఆ తోట ఎనక్కాల. మీరు అన్నం తిని ఎల్లండి. మద్దినేళ అవి కదలవు."

మా ఊళ్లో వీధికుక్క అడ్డమొస్తే నేను దారి మార్చుకుంటాను. ఇక్కడ తోట వెనకాల ఏనుగుల్ని పెట్టుకుని ఆవిడ మాకు వేడన్నం, కందిపప్పు, వెదురుకొమ్ముల కూర పెట్టింది. లేత వెదురు సన్నగా తరిగి వండిన ఆ కూర మొదటి ముద్దకి పుల్లగా, రెండో ముద్దకి ఇంకేదో రుచిగా, మూడో ముద్దకి ఇంకొంచెం కావాలన్నట్టుగా ఉంది. నేను అడిగి వేయించుకున్నాను. బావ మాత్రం తినడం మధ్యలో ఆపి పెరటి వైపే చూస్తున్నాడు.

"ఏనుగులకి తెలుస్తాది రా మంచి మాను," అన్నాడు చివరికి.

సీతంపేట

సోమవారం సీతంపేట సంత. వీరఘట్టం, పాలకొండ దాటి వెళ్లాం. పాలకొండలో పాలు కొందామని ఆగితే అయిపోయాయన్నారు. కొండైనా కనపడితే చాలనుకున్నాను. అది సీతంపేట దాకా ఆగింది.

సంతలో అడుగుపెడితే ముందు అనాసపండు వాసన ముక్కుకి తగిలింది. తర్వాత గుట్టలు కనపడ్డాయి. పండు పదిహేను రూపాయలు. శ్రీకాకుళంలో మా వీధి చివర అదే పండు ముక్కలు కోసి, కప్పులో వేసి, ఉప్పూ కారం జల్లి ముప్ఫై తీసుకుంటారు. నేను షాక్ తిని, ఆ షాక్ లోనే పన్నెండు పళ్లు కొనేశాను. వాటిని మోసుకెళ్లేది ఎవరన్న ఆలోచన డబ్బిచ్చాక వచ్చింది.

పక్కన ఒక అమ్మాయి పనసకాయలు పెట్టుకుని కూచుంది. పాతికేళ్లుంటాయి. పేరు లచ్చిమి అని తర్వాత తెలిసింది. బావ ఒక కాయ ఎత్తి, తొడిమ తిప్పి చూసి, కింద కూలబడ్డాడు.

"సెట్టు ఎన్నాళ్లదమ్మా?"

"మా తాత నాటినాడంట."

"మాను ఎంతుంటాది?"

ఆ అమ్మాయి చేతులు చాచింది. సరిపోలేదన్నట్టు నా చెయ్యి కూడా లాగి చాచింది.

"అమ్ముతారా?"

లచ్చిమి బావని కిందనుంచి పై దాకా చూసింది. "ఏటి సేస్తావు?"

"వీణ. పాటలు వాయించీది."

ఆమె కాసేపు ఆలోచించింది. "మా అమ్మనడగాల. సంతయ్యాక నాతో రండి. దగ్గిరే."

కొండవాళ్ల నోట ‘దగ్గిరే’ అన్న మాట విన్న మైదానం మనిషి ముందు నీళ్లు తాగాలి, తర్వాత వీలునామా రాయాలి.

కొండ మీద

రోడ్డు అయిపోయిన చోట కారు అయిపోయింది. అక్కణ్ణించి ఆరు కిలోమీటర్లు రాళ్ల బాట. లచ్చిమి నెత్తి మీద గంప, చంకలో నూనె డబ్బా, నోట్లో కబుర్లు. నేను చేతిలో ఒక్క అనాసపండు పట్టుకుని మూడుసార్లు కూచున్నాను. మిగతా పదకొండు ఆ దారిలో కనపడ్డ ప్రతివాళ్లకీ పంచేశాను. దానికి ఔదార్యమని పేరు పెట్టుకున్నాను. బావకి మోకాళ్ల నొప్పులున్నాయి. అయినా ఒక్కసారీ కూచోలేదు.

సవర గిరిజనుల గూడెం అది. ఇరవై ఇళ్లుంటాయి. లచ్చిమి తల్లి సుక్కమ్మ గుమ్మంలో ఎదురొచ్చింది. సన్నగా, నిటారుగా, పిడికెడు మనిషి. చోడి అంబలి, అంటే రాగి జావ, ఇచ్చింది. నేను మొదటి గ్లాసు మర్యాదకి, రెండోది దాహానికి, మూడోది ఇష్టంతో తాగాను. పనస పిక్కల కూరతో అన్నం పెట్టింది. ఆ పూటకి విశ్రాంతి తీసుకోమంది. చెట్టు పొద్దున్నే చూద్దురు, పారిపోదు అంది.

పొద్దున్నే చూశాం.

నేను చెట్ల మనిషిని కాను. అయినా నోరు తెరుచుకునే నిలబడ్డాను. ఇంటి వెనక, గూడెంలోకొచ్చే బాట పక్కనే ఉంది. నేనూ బావా చెరో వైపు నుంచి కౌగిలించుకుంటే వేళ్లు కలవలేదు. కొమ్మలనిండా కాయలే. కణుపు లేకుండా నిలువెత్తు మాను.

బావ వేళ్లు మడిచి మూడు చోట్ల కొట్టాడు. చెవి ఆనించాడు. మా నాన్న నా చేత పదేళ్లు సాధన చేయించినా శ్రుతి అంటే ఏమిటో నాకు అంతుపట్టలేదు. ఆ పొద్దుట అంతుపట్టింది. మాను లోపల ఎవరో నిద్రలోంచి ‘ఊఁ’ అన్నట్టు పలికింది.

బావ అరచెయ్యి ఆ మాను మీదే ఉంచి చుట్టూ చూశాడు. అరుగు మీద చాపలో ఆరబోసిన పిక్కలు. మూల పేర్చిన కాయలు. చూరు కింద వానాకాలానికి దాచిన పిక్కల బుట్ట.

"ఏడాదికి ఎన్ని కాయలు కాస్తాదమ్మా?" అన్నాడు.

"లెక్కేటి? తిన్నన్ని, అమ్మినన్ని, గూడెంలో పంచినన్ని," అంది సుక్కమ్మ.

బావ చెయ్యి తీసేశాడు. "లోపల డొల్లమ్మా. నాకు పనికిరాదు."

నాకు మతిపోయింది. బావా, అని నోరు తెరవబోయాను. ఆయన నా కాలు తొక్కాడు. ఆ రెండు ఎడమ చెప్పుల్లో, సరిగ్గా పట్టనిదాన్నే తొక్కాడు. ఊరుకున్నాను. పార్వతీపురంలో ప్లైవుడ్డు బొమ్మ కొన్న మనిషే ఇక్కడ అక్క వీణని వదిలేసుకుంటున్నాడని అర్థమైంది.

సుక్కమ్మ ముఖం మారిపోయింది. "ఏటన్నావు?"

"డొల్లమ్మా. కానీ కాయ బాగా కాస్తాది. ఉంచుకో."

ఆవిడ గిరుక్కున లోపలికి వెళ్లింది. గొడ్డలితో బయటికొచ్చింది. నేను బావ వెనక్కి చేరాను. ఇందులో సిగ్గుపడేదేం లేదు, ఆయన నాకన్నా వెడల్పు.

గొడ్డలి తీసుకొచ్చి బావ చేతిలో పెట్టింది. "కొట్టు. డొల్ల సూపించు."

"ఎందుకమ్మా..."

"సూపించు! మా మావ నాటిన సెట్టు. నాను కోడలిగా వచ్చినప్పుడు నా మోకాలంత. ఈ గూడెంలో పుట్టిన ప్రతి గుంటకీ దీని తొనే మొదటి తీపి. దీన్ని డొల్లంటావేటి, బొబ్బిలోడా?" తర్వాత సవర భాషలో గట్టిగా కేకేసింది. ఇళ్లలోంచి జనం వచ్చారు. ఒకరికొకరు చెప్పుకున్నారు. అందరూ మా వైపు చూశారు. ఒక ముసలాయన మాను దగ్గరకొచ్చి తనూ కొట్టి విని, బావని చూసి జాలిగా తలూపాడు.

బావ కదలకపోయేసరికి ఆవిడే గొడ్డలి లాక్కుని ఎత్తింది. బావ గొడ్డలి కర్ర పట్టుకుని ఆపాడు.

"అబద్ధం ఆడేనమ్మా," అన్నాడు. "నలభై ఏళ్లలో ఇలాటి మాను నాను సూళ్లేదు. నువ్వు దీని మీద బతకతన్నావని..."

"ఎవులు సెప్పినారు?"

బావ చూరు కింద పిక్కల బుట్ట వైపు చెయ్యి చూపించాడు.

"గురువారం కొండ తవ్వే మిషనొస్తాది," అంది సుక్కమ్మ. "రోడ్డేత్తన్నారు. ఈ సెట్టు మీంచే దారి. పడగొట్టి, తుక్కు సేసి లోయలోకి నెట్టీస్తారు. మంచోడి సేతిలో పడితే బాగుణ్ణని మా గుంట నిన్ను తీసుకొచ్చినాది. నన్నడక్కుండా నా సెట్టు మీద జాలి పడ్డావేటి నువ్వు?"

మేష్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది! ఇంత జరిగాక కూడా నేను కలగజేసుకున్నాను. "రోడ్డు కాస్త పక్కకి తిప్పితే చెట్టు మిగిలేది కదమ్మా? ఇంజినీరుతో చెప్పకపోయారా?"

"ఇంజినీరు తిప్పుతానన్నాడు. నానే ఒద్దన్నాను." ఆవిడ గొంతు తగ్గింది. "తిప్పితే అవతలోళ్ల పొలంలో పడతాది. ఆళ్లు ఒప్పుకోవాల, మళ్లీ కాగితం కదలాల, ఇంకో ఏడాది. రెండేళ్ల కిందట దీనికి నొప్పులొస్తే డోలీ కట్టినారు." లచ్చిమిని చూపించింది. "కర్రకి దుప్పటి కట్టి, అందులో దీన్ని పడుకోబెట్టి, నలుగురు మోసుకుంటా దిగినారు. నిన్న మీరొచ్చిన దారినే. ఇది తిరిగొచ్చినాది. పిల్ల రానేదు."

లచ్చిమి తలెత్తలేదు. చాప మీద పిక్కలు ఒక్కొక్కటే తిరగేస్తోంది.

నిన్న ఆ దారిలో నేను మూడుసార్లు కూచున్నాను. కూచున్న ప్రతిసారీ ఆ అమ్మాయి గంప దింపుకుని, నవ్వుతూ కబుర్లు చెబుతూ నా కోసం ఆగింది. నాకు తల ఎత్తి ఎవర్నీ చూడాలనిపించలేదు.

బావ గొడ్డలి కింద పెట్టి చేతులు జోడించాడు. "తప్పయిపోనాదమ్మా. ఇస్తావా?"

"ముందు అందరికీ ఇనబడేటట్టు సెప్పు."

"మంచి మాను!" అని అరిచాడు బావ. వాళ్ల మాటల్లోకి ఎవరో మార్చి చెప్పారు. జనం నవ్వారు. తిట్టారేమో కూడా, నాకు తెలీదు.

దిగడం

ఆ పూటంతా కాయలు దింపారు. ప్రతి ఇంటికీ వెళ్లాయి. ఆఖరి కాయ నేల తాకేదాకా సుక్కమ్మ ఎవర్నీ గొడ్డలి ముట్టనివ్వలేదు. తర్వాత చెంబుతో మొదట్లో నీళ్లు పోసి, చెయ్యి ఆనించి, తన భాషలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందని మేం అడగలేదు.

మాను పడింది. బావ కొలత చెబితే నాలుగున్నర మీద నాలుగు వేళ్లు ఎక్కువగానే కోశారు. పొడుగునా రెండు చెక్కలుగా చీల్చారు. లోపల ఎక్కడా మచ్చ లేదు, తాజా పసుపుకొమ్ము విరిచినట్టుంది. సుక్కమ్మ ఆ పసుపు మీద చెయ్యి పెట్టి, "డొల్లేదీ?" అంది బావతో. బావ తల దించుకుని నవ్వాడు. అయినా ఆవిడ వదల్లేదు. అటు తిప్పి, ఇటు తిప్పి, "ఇక్కడా? ఇక్కడా?" అని గూడెం అంతా నవ్వేదాకా అడిగింది. నా జీవితంలో ఎన్ని తప్పు లెక్కలు దిద్దానో గాని, ఇంత చక్కగా ఎవర్నీ దిద్దలేదు.

ధర అడిగితే, రెండు చెక్కల్లో ఒకటి కట్టబోయే కొత్తింటి గడపకి తను ఉంచుకుంటానని, రెండోది మాదని చెప్పింది. బావ డబ్బు తీశాడు. తీసుకుంది. బేరం ఆడలేదు, దానమూ చెయ్యలేదు. ఆ చెట్టు విలువ ఆవిడకి తెలుసు.

"ఎవులు వాయిస్తారు?" అనడిగింది.

"మా ఇంటిది. ఇన్నాళ్లూ పైవోళ్లవే వాయించినాది."

"ఇన్నాళ్లూ ఏటి సేసినావు మరి?"

బావ తన కుడి బొటనవేలిని ఎడమచేత్తో రుద్దుకున్నాడు.

మర్నాడు పొద్దున్న, మాకు కావలసినంత ఉంచి మిగతాది చెక్కేసి బరువు తగ్గించాక, ఆ చెక్కని మందపాటి వెదురు కర్రలకి తాళ్లతో వేలాడదీసి ఎనిమిదిమంది ఎత్తారు. భుజాలు మార్చుకుంటూ, మలుపు దగ్గర ఒకరికొకరు కేకేసుకుంటూ దిగారు. ఎక్కడ ఆగాలో, ఏ రాయి మీద కాలు పెట్టకూడదో వాళ్ల కాళ్లకి తెలుసు. ఆ తెలియడం ఎలా వచ్చిందో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి, ఈసారి ఒక్కసారి కూడా కూచోలేదు. లచ్చిమి ముందు నడిచింది. సుక్కమ్మ చెక్క పక్కనే నడిచింది.

కింద సీతంపేట వైపు పోయే అనాసపళ్ల వ్యాను ఒకటి ఆపి, చెక్కని ఎక్కించాం. బావ దాని పక్కనే పళ్ల మధ్య కూచున్నాడు. నేను కారు తలుపు తీస్తుంటే సుక్కమ్మ అక్కడున్న కర్రల్లోంచి ఒకటి తీసి, నా కారు టాపు మీద పెట్టింది.

ఆ వెదురు మిగతా వాటికన్నా పాతది. రెండు కొసలూ భుజాలకి రాసుకుని రాసుకుని అద్దంలా నున్నబడి ఉన్నాయి. మధ్యలో గుడ్డ బిగించిన చోట రంగు మారిపోయింది.

"ఇదేటమ్మా?" అన్నాను, తెలిసి కూడా.

"డోలీ కర్ర. అట్టుకుపొండి."

"రోడ్డింకా మొదలెట్టలేదు కదమ్మా. పూర్తయ్యేదాకా ఉంచుకోండి, దేనికైనా అవసరం..."

ఆవిడ నావైపు చూసింది. నిన్న బావ వైపు చూసినట్టే చూసింది.

"ఉంచుకుంటే, కర్రుంది కదా, రోడ్డెందుకంటారు," అంది.

వ్యానులోంచి బావ తాడు విసిరాడు. నేను పట్టుకుని, కర్రని కారుకి గట్టిగా కట్టాను.